మళ్ళీ మళ్ళీ వచ్చే దోషం: యంత్ర నియంత్రణ చరిత్రలో ఒక అధ్యాయం

కర్మాగారాలలో యంత్రాలకు వచ్చే దోషాలు రెండు విధాలు. మొదటిది వచ్చి నిలిచిపోయే దోషం. మోటారు కాలిపోతుంది, తీగ తెగుతుంది, ఫ్యూజు పోతుంది, యంత్రం ఆగిపోతుంది. మరమ్మతు చేసేవాడు వచ్చి చూసేవరకు ఆ దోషం అక్కడే ఉంటుంది. వెదికితే దొరుకుతుంది. రెండవది వచ్చిపోయే దోషం. యంత్రం ఉన్నట్లుండి ఆగుతుంది. ఎలక్ట్రీషియను పనిముట్ల సంచి పట్టుకొని వచ్చేసరికి అన్నీ సరిగానే ఉంటాయి. మీట నొక్కితే యంత్రం మామూలుగా నడుస్తుంది. రెండు రోజులకో, రెండు వారాలకో మళ్ళీ ఆగుతుంది. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం వంటిది ఇది. వైద్యుడు నాడి చూసే వేళకు రోగి ఒళ్ళు చల్లగా ఉంటుంది.

పైకి మొదటి రకమే పెద్ద దోషంగా కనిపించినా, కర్మాగారాలను ఎక్కువగా వేధించినది రెండవ రకమే. కారణం కంటికి కనపడదు గనుక ఒక్కొక్క భాగాన్నీ అనుమానించి మారుస్తూ పోతారు. మంచి భాగాలు చెత్తకుప్పకు చేరుతాయి. దోషం మాత్రం యంత్రంలోనే ఉంటుంది. ఇంతకంటె ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉన్నది. విసిగిపోయినవారు ఒక్కొక్కప్పుడు, ఏ రక్షణ స్విచ్చి వల్ల యంత్రం ఆగుతున్నదని అనుమానం కలిగితే ఆ స్విచ్చిని తీగముక్కతో దాటవేసి యంత్రాన్ని నడిపిస్తారు. అప్పుడు ఆపదలో పడేది యంత్రం కాదు. దాని పక్కన నిలబడిన మనిషి చేయి.

నేడు సీసాలు నింపే యంత్రం మొదలు మోటారు కార్ల కర్మాగారం వరకు పెక్కుచోట్ల యంత్రాలను నడిపించే సాధనం ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. దానిని పొడి అక్షరాలలో పి.ఎల్.సి. అంటారు. ఇది గొప్ప లెక్కలు చేయడానికి పుట్టిన సాధనం కాదు. తీగల అడవిలో దోషాలు వెదకి వెదకి అలసిపోయిన కర్మాగారాల అవసరంలోనుంచి పుట్టినది. అది వచ్చిన తరువాత దోషాలు పోయినవా, లేక చోటు మార్చుకొన్నవా అన్న ప్రశ్నకు జవాబు దాని చరిత్రలోనే దొరుకుతుంది.

విద్యుద్గంటకు తోబుట్టువు

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో విద్యుద్గంటను చూడని విద్యార్థి ఉండడు. తీగచుట్టలో విద్యుత్ప్రవాహం సాగినప్పుడు అందులోని ఇనుపకడ్డీ అయస్కాంతమవుతుంది. ఎదుట ఉన్న ఇనుపరేకును లాగుతుంది. రేకుకు అమర్చిన సుత్తి గంటను కొడుతుంది. ఆ రేకు గంటను కొట్టడానికి బదులు, రెండు లోహపు మొనలను కలిపి మరొక విద్యుద్వలయాన్ని పూర్తిచేసినదనుకొందాం. ఆ సాధనమే రిలే. ఆ లోహపు మొనలను కాంటాక్టులంటారు.

అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ 1830వ దశకంలో ఈ సూత్రాన్ని ప్రయోగాలలో చూపించాడు. చాలదూరం ప్రయాణించి బలహీనపడిన ప్రవాహం కూడ ఒక చిన్న రేకును కదిలించగలదు. ఆ రేకు దగ్గరలోని బ్యాటరీనుంచి కొత్త ప్రవాహాన్ని ముందుకు పంపగలదు. 1844లో వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల మధ్య శామ్యూల్ మోర్స్ టెలిగ్రాఫు తీగ వేసిన తరువాత, తంతి మార్గాలు పెరిగినకొద్దీ రిలే వాడకం కూడ పెరిగినది.

రిలేకు మరొక గుణం ఉన్నది. రెండు రిలేల కాంటాక్టులను ఒకదాని వెనుక ఒకటిగా కలిపితే, రెండూ మూసుకొన్నప్పుడే ప్రవాహం సాగుతుంది. పక్కపక్కన కలిపితే ఏ ఒక్కటి మూసుకొన్నా సాగుతుంది. ప్రవాహం వచ్చినప్పుడు విడిపోయే కాంటాక్టును వాడితే అర్థం తారుమారవుతుంది. అనగా "ఇదీ, అదీ", "ఇదైనా, అదైనా", "ఇది కానప్పుడు" అనే మూడు మాటలనూ తీగలతో చెప్పవచ్చు. "తలుపు మూసి ఉన్నది, చమురు పీడనం చాలినంత ఉన్నది, మీట నొక్కబడినది, కాబట్టి మోటారు తిరగవచ్చు" అనే నిర్ణయాన్ని ఈ విధంగా ఒక వలయంగా కట్టవచ్చు. జార్జ్ బూల్ 1854లో ప్రకటించిన తర్క గణితమే ఈ వలయాలలో ఇమిడి ఉన్నదని క్లాడ్ షానన్ 1937లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో నిరూపించాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవైయొకటి.

కర్మాగారాల ఎలక్ట్రీషియన్లు ఈ వలయాలను తమకు అనువైన పద్ధతిలో గీసుకొన్నారు. కాగితంపై ఎడమవైపు ఒక నిలువుగీత, కుడివైపు ఒక నిలువుగీత. వాటి మధ్య అడ్డంగా ఒక్కొక్క నిర్ణయానికి ఒక్కొక్క గీత. చూడడానికి నిచ్చెనవలె ఉంటుంది గనుక దీనికి నిచ్చెన పటమని పేరు వచ్చినది. ఎడమనుంచి కుడికి అడ్డుగీత వెంబడి వేలు పెట్టి పోతే, ప్రవాహం ఎక్కడ ఆగిపోయినదో తెలుస్తుంది. ఈ పటాన్ని గుర్తుపెట్టుకోవాలి. కథలో ఇది మళ్ళీ వస్తుంది.

రిలేల గదిలో వెదుకులాట

ఇరవయ్యవ శతాబ్దం మధ్యకాలానికి పెద్ద కర్మాగారాలలో ఒక్కొక్క యంత్రం వెనుక రిలేలతో నిండిన ఇనుప బీరువాలు నిలిచాయి. రిలే కదిలే సాధనం, కదిలేదేదయినా అరుగుతుంది. కాంటాక్టులు విడిపోయినప్పుడల్లా వాటి మధ్య చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వ లోహాన్ని కొంచెం కొంచెంగా కాల్చి గుంటలు చేస్తుంది. దుమ్ము, నూనె ఆవిరి వాటిపై పొరగా పేరుకొంటాయి.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. అర నిమిషానికి ఒక వస్తువును తయారుచేసే యంత్రం రోజుకు 16 గంటలు పనిచేస్తే, ఒక్కొక్క రిలే రోజుకు 1,920 సార్లు కదలవలసి వస్తుంది. ఒక రిలే సగటున 10 లక్షల సార్లు కదిలి చెడిపోతుందనుకొంటే, దాని ఆయుర్దాయం దాదాపు 520 పనిదినాలు. ఇది తక్కువేమీ కాదు. కాని ఆ యంత్రంలో అటువంటి రిలేలు 200 ఉంటే, సగటున రెండున్నర రోజులకొక రిలే చెడిపోతుంది. ఒక్కొక్క భాగం గట్టిదే. మొత్తం యంత్రం మాత్రం ఎప్పుడూ ఏదో ఒక మూల రోగంతోనే ఉంటుంది.

చెడిపోయే రిలే కూడ ఒక్కసారిగా చెడిపోదు. ముందు పదివేల సార్లలో ఒకసారి తప్పుతుంది. తరువాత వెయ్యింటిలో ఒకసారి. ఈ మధ్యకాలమే వచ్చిపోయే దోషకాలం. ఎలక్ట్రీషియను దీపం పట్టుకొని చూసేటప్పుడు కాంటాక్టు చక్కగా మూసుకొంటుంది. వేలితో తట్టితే దుమ్ము జారి యంత్రం బాగయినట్లే కనిపిస్తుంది. దీనికి తోడు, ఏటేటా యంత్రంలో మార్పులు చేసినప్పుడు తీగలు మారుస్తారు. పటం మార్చడం మరచిపోతారు. కొన్నేళ్ళకు పటంలో ఉన్నది ఒకటి, బీరువాలో ఉన్నది మరొకటి అవుతుంది.

రిలేలతోనే కట్టిన గణనయంత్రాలకూ ఈ బాధ తప్పలేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ 2 అనే యంత్రం ఉండేది. 1947 సెప్టెంబరు 9వ తేదీన దానిలో దోషం వచ్చి వెదకగా, ఎఫ్ ప్యానెలులో 70వ రిలేలో ఒక రెక్కల పురుగు చిక్కుకొని ఉన్నది. పనిచేస్తున్నవారు ఆ పురుగును తీసి దినచర్య పుస్తకంలో అంటించి, వేళతో సహా రాసిపెట్టారు. ఆ పుట నేడు అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. యంత్రదోషాన్ని పురుగు అనడం ఆనాడే మొదలయినదని కొందరంటారు కాని అది సరికాదు. థామస్ ఎడిసన్ 1878లోనే తన లేఖలో ఆ మాట వాడాడు. ఈ సంఘటనలో గమనించవలసిన విషయం పురుగు కాదు, పుస్తకం. ఏ రోజు, ఏ వేళ, ఏ ప్యానెలు, ఎన్నవ రిలే అన్నది రాసి ఉండడంవల్లనే ఇన్నేళ్ళ తరువాత కూడ ఆ దోషం గురించి నిశ్చయంగా చెప్పగలుగుతున్నారు.

టెలిఫోను ఎక్స్‌ఛేంజీల ఇంజనీర్లు ఈ రాతపనిని యంత్రానికే అప్పగించారు. 1948లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మీడియా పట్టణంలో బెల్ సంస్థ అయిదవ నమూనా క్రాస్‌బార్ ఎక్స్‌ఛేంజిని నెలకొల్పినది. ఒక కాలును కలిపేటప్పుడు ఎక్కడైనా తప్పు జరిగితే, ఆ క్షణంలో ఏయే పరికరాలు ఆ పనిలో ఉన్నవో యంత్రమే ఒక అట్టముక్కపై రంధ్రాలు పొడిచి చూపేది. ఆ తరువాత మరొక దారిలో కాలు కలిసేది. మాట్లాడేవారికి ఏమీ తెలిసేది కాదు. మరమ్మతు చేసేవారు ఆ అట్టలను పోగుచేసి, అన్నింటిలోనూ మళ్ళీ మళ్ళీ కనిపించే పరికరమేదో చూసేవారు. దోషం వచ్చిపోయినా దాని అడుగుజాడ మిగిలేది. కాని ఇంత ఏర్పాటు ఒక ఎక్స్‌ఛేంజికి సాధ్యం. ఒక్కొక్క రంధ్రాలు తొలిచే యంత్రానికి, ఒక్కొక్క సానపట్టే యంత్రానికి అంత ఖర్చు పెట్టేవారు లేరు.

1968: ఒక కర్మాగారం కోరిక

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో జనరల్ మోటార్స్ సంస్థకు హైడ్రామాటిక్ అనే విభాగం ఉండేది. మోటారు కార్లలో గేర్లను తమంతట తామే మార్చే పెట్టెలను అక్కడ తయారుచేసేవారు. కార్ల నమూనా మారినప్పుడల్లా యంత్రాలు చేసే పని మారేది. రిలేల బీరువాలలో తీగలన్నీ విప్పి మళ్ళీ కట్టవలసి వచ్చేది. పాత బీరువాను పారవేసి కొత్తది కట్టడమే నయమనిపించిన సందర్భాలు కూడ ఉండేవి.

1968లో ఆ విభాగపు ఇంజనీర్లు తమకు కావలసిన సాధనం ఎట్లుండాలో లక్షణాలు రాసి తయారీదారుల ముందుంచారు. కదిలే భాగాలు లేని ఘనస్థితి సాధనం కావాలి. గణనయంత్రంవలె తేలికగా మార్చడానికి వీలుండాలి. ధర మాత్రం రిలేల బీరువాతో పోటీపడాలి. దుమ్ము, తేమ, అదురు, పక్క యంత్రాల విద్యుదయస్కాంత ప్రభావం తట్టుకోవాలి. భాగాలు విడివిడిగా ఉండి, చెడినదానిని తీసి కొత్తది దూర్చడానికి వీలుండాలి. అన్నింటికంటె ముఖ్యంగా, ఎలక్ట్రీషియన్లకు అప్పటికే తెలిసిన నిచ్చెన పటాల భాషలోనే దానికి పని చెప్పడానికి వీలుండాలి.

ఈ చివరి కోరికను శ్రద్ధగా చూడాలి. గణనయంత్రాలు అప్పటికే ఉన్నవి. 1947లో ట్రాన్సిస్టరు వచ్చిన తరువాత అవి చిన్నవయి, చౌక అవుతున్నవి. వాటిని కర్మాగారాలలో పెట్టడానికి ప్రయత్నాలు కూడ జరిగాయి. కాని వాటిని నడపడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందినవారు కావాలి. అర్ధరాత్రి రెండు గంటలకు యంత్రం ఆగితే వచ్చేది అట్టి నిపుణుడు కాదు, ఆ పాలిలో పనిచేసే ఎలక్ట్రీషియను. ఆయన చదవలేని యంత్రం ఎంత గొప్పదైనా కర్మాగారానికి బరువే. సాధనాన్ని మనిషికి అనువుగా మలచాలి గాని, మనిషిని సాధనం చుట్టూ తిప్పకూడదన్నది ఆ కోరికలోని సారాంశం.

తలపు ఒకచోటనే పుట్టలేదు. అదే సంవత్సరం జనవరి 1వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్‌లో రిచర్డ్ మోర్లే అనే ఇంజనీరు ఇటువంటి సాధనానికే రూపురేఖలు గీశాడు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క కొత్త నియంత్రణ సాధనాన్ని కట్టి కట్టి విసుగు పుట్టి, అన్నింటికీ సరిపోయేది ఒకటి చేయాలని ఆయన తలచాడు. ఆయన పనిచేసే బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ సంస్థకు అది 84వ పథకం కావడంవల్ల సాధనానికి 084 అని పేరు పెట్టారు. దాని తయారీకి మోడికాన్ అనే సంస్థ ఏర్పడినది. 1969 నవంబరులో మొదటి 084లు జనరల్ మోటార్స్‌కు చేరాయి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ తయారుచేసిన పి.డి.పి.-14 కూడ ఆ సంవత్సరమే వచ్చినది. అలెన్ బ్రాడ్లీ సంస్థలో ఓడో స్ట్రూగర్, ఎర్నెస్ట్ డమ్మర్‌మూత్ మొదలైనవారు 1970వ దశకం ఆరంభంలో తమ సాధనాన్ని రూపొందించారు, పి.ఎల్.సి. అనే పేరు వ్యాప్తిలోకి రావడానికి ఆ సంస్థ కారణం.

084 గట్టి ఇనుప పెట్టెలో ఉండేది. దానికి ఫ్యాను లేదు. బయటి గాలి లోపలికి వస్తే దుమ్ము కూడ వస్తుంది గదా! నిచ్చెన పటాన్ని దానిలోనికి ఎక్కించవచ్చు. జనరల్ మోటార్స్‌లో దాదాపు ఇరవై ఏళ్ళు పనిచేసిన ఒక తొలినాటి 084ను ఆ తరువాత తయారీ సంస్థకు జ్ఞాపికగా తిరిగి ఇచ్చారు.

సాధనం పనిచేసే తీరు

కంట్రోలరు చేసే పని ఒక చక్రం. మొదట బయటి స్విచ్చిలన్నింటినీ ఒకసారి చూసి ఏవి మూసుకొన్నవో, ఏవి తెరుచుకొన్నవో తన స్మృతిలో రాసుకొంటుంది. తరువాత నిచ్చెన పటంలోని మెట్లను మొదటినుంచి చివరివరకు వరుసగా లెక్కకట్టుతుంది. చివరకు మోటార్లకు, కవాటాలకు, దీపాలకు ఆజ్ఞలు పంపుతుంది. వెంటనే మళ్ళీ మొదటికి వస్తుంది. ఒక చక్రానికి పట్టే కాలం సెకనులో వెయ్యవ వంతులలో ఉంటుంది. ఈ చక్రం నిర్ణీతకాలంలో పూర్తికాకపోతే యంత్రాన్ని ఆపివేసే కాపలా గడియారం ఒకటి కూడ లోపల ఉంటుంది.

ఇందులో రిలేలు లేవు. రిలేల బొమ్మలు మాత్రమే ఉన్నవి. బొమ్మ అరగదు, దానికి తుప్పు పట్టదు. బొమ్మ కాంటాక్టు పదికోట్లసార్లు మూసుకొన్నా కొత్తదివలెనే ఉంటుంది. తెరపై పటాన్ని చూస్తే ఏ మెట్టులో ప్రవాహం ఎంతవరకు వచ్చినదో వెలుగు గీతగా కనిపిస్తుంది. వెనుక ఎలక్ట్రీషియను వేలితో కాగితంపై చేసిన పనిని ఇప్పుడు యంత్రమే చేసి చూపుతున్నది. పటం వేరు, బీరువా వేరు అనే పాత బాధ కూడ చాలవరకు తగ్గినది; ఇక్కడ పటమే బీరువా.

దోషం చోటు మార్చుకొన్నది

అయితే వచ్చిపోయే దోషం మాయమయినదా? లేదు. లోపల చోటు లేక అంచులకు పోయినది. కంట్రోలరు ఎంత నిశ్చయంగా ఆలోచించినా, బయటినుంచి వచ్చే వార్తలు తీగల మీదనే రావాలి. యంత్రం ఆగగానే అందరి చూపూ మొదట కంట్రోలరు పెట్టెవైపు పోతుంది. కాని కారణం తరచుగా ఒక స్విచ్చిలోనో, వదులైన మరలోనో, విద్యుత్ సరఫరాలోనో ఉంటుంది. ఇటువంటి దోషాలను విప్పడంలో ఇంజనీర్లకు తోడ్పడిన మొదటి ప్రశ్న "ఏది చెడినది?" అన్నది కాదు, "ఎప్పుడు వస్తున్నది?" అన్నది.

పక్కనున్న పెద్ద మోటారు ఆగినప్పుడల్లా దోషం వస్తున్నదా? తీగచుట్టలో ప్రవాహం తటాలున ఆగినప్పుడు, ప్రేరణవల్ల అందులో మామూలుకంటె ఎన్నోరెట్లు ఎక్కువ వోల్టేజి ఒక్క క్షణం పుడుతుంది. 24 వోల్టుల చుట్టలో కూడ వందల వోల్టుల పోటు రావచ్చు. ఆ పోటు పక్క తీగలలోనికి విద్యుత్ రొదగా పాకుతుంది. లేని వార్తను ఉన్నట్లు చెబుతుంది. ఏకముఖ విద్యుత్తుతో పనిచేసే చుట్టకు అడ్డంగా ఒక డయోడును కలిపితే ఆ పోటు అక్కడికక్కడే అణగిపోతుంది. వార్తల తీగలను శక్తి తీగలకు దూరంగా నడపడం కూడ ఇందుకే.

మధ్యాహ్నపు ఎండవేళ వస్తున్నదా? వేడికి లోహాలు వ్యాకోచిస్తాయి. వదులుగా బిగించిన మర కింద తీగ పట్టు తప్పుతుంది. రాత్రి చల్లబడగానే మళ్ళీ తగులుతుంది. వానరోజులలో వస్తే తీగల పెట్టెలో తేమ చేరినదేమో చూడాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు ప్రోగ్రామే చెరిగిపోతున్నదా? తొలి కంట్రోలర్లలోని అయస్కాంత స్మృతికి ఈ భయం లేదు. 1970వ దశకంలో అర్ధవాహక స్మృతి వచ్చిన తరువాత, కరెంటు లేనప్పుడు దానిని నిలిపి ఉంచడానికి చిన్న బ్యాటరీ కావలసి వచ్చినది. ఆ బ్యాటరీ అయిపోయిన సంగతి సరఫరా పోయిననాడుగాని బయటపడదు.

యంత్రం వేగం పెంచినప్పుడే వస్తున్నదా? కంట్రోలరు చక్రానికి 20 మిల్లిసెకన్లు పడుతున్నదనుకొందాం. వస్తువు దాటిపోయేటప్పుడు స్విచ్చి 15 మిల్లిసెకన్లు మాత్రమే మూసుకొంటే, కంట్రోలరు చూపు దానిపై పడే అవకాశం నాలుగింట మూడు వంతులే. నాలుగింటిలో ఒక వస్తువు దాని కంటబడకుండా పోతుంది. స్విచ్చి మంచిదే, తీగ మంచిదే, కంట్రోలరు మంచిదే. వాటి కాలాలకు పొందిక లేదు. ఎన్ని భాగాలు మార్చినా ఈ దోషం పోదు. ఇది రిలేల కాలంలో ఈ రూపంలో లేని కొత్త దోషం, చక్రంతోపాటు పుట్టినది.

మరొక చిక్కు కారణమేదో, ఫలితమేదో తెలియకపోవడం. తలుపు స్విచ్చి, చమురు పీడనం, గాలి పీడనం, మోటారు రక్షణ, అత్యవసర మీట, ఈ అయిదూ సరిగా ఉంటేనే యంత్రం నడుస్తుందనుకొందాం. తలుపు స్విచ్చి ఒక్క క్షణం విడిపోయి మళ్ళీ కలిసినది. యంత్రం ఆగినది, చమురు పంపు కూడ ఆగినది, కొద్దిసేపటికి చమురు పీడనం పడిపోయినది. ఎలక్ట్రీషియను వచ్చేసరికి తలుపు స్విచ్చి చక్కగా ఉన్నది, చమురు పీడనం లేదు. ఆయన నేరాన్ని చమురు పంపుపై మోపుతాడు. దీనికి విరుగుడు ఒక వల పన్నడం. అయిదింటిలో ముందుగా ఏది జారినదో దానిని పట్టి ఉంచి, మిగిలినవాటిని లెక్కచేయని కొన్ని మెట్లను నిచ్చెన పటంలో చేరుస్తారు. యంత్రం ఆగిన తరువాత ఆ ఒక్క గుర్తు నిలిచి ఉంటుంది. రిలేల బీరువాలో ఈ వల పన్నాలంటే మరికొన్ని రిలేలు, మరికొన్ని తీగలు కావాలి; వాటితోపాటు మరికొన్ని దోషాలు వస్తాయి. కంట్రోలరులో కొద్ది నిమిషాలు చాలు. ఎక్స్‌ఛేంజిలో రంధ్రాల అట్ట చేసిన పని ఇప్పుడు ప్రతి చిన్న యంత్రానికీ అందుబాటులోకి వచ్చినది.

దీనికి జోడుగా మరొక నియమం ఏర్పడినది. ఒకసారి ఒక్కదానినే మార్చాలి; మార్చినది రాసిపెట్టాలి. ఒకేసారి మూడు భాగాలు మారిస్తే, దోషం పోయినా ఏది కారణమో తెలియదు. తెలియని దోషం మళ్ళీ వచ్చినప్పుడు పని మొదటినుంచి ఆరంభించవలసిందే.

చూపే అద్దమే అబద్ధమాడితే

తెరపై కనిపించే పటాన్ని నమ్మి దోషం వెదకే ఈ పద్ధతికి 2010లో గట్టి దెబ్బ తగిలినది. ఆ సంవత్సరం జూన్‌లో బెలారూస్ దేశపు భద్రతా సంస్థ ఒకటి స్టక్స్‌నెట్ అని పేరుపొందిన ఒక ప్రోగ్రామును కనుగొన్నది. దానిని పరిశోధించినవారు, అది ఇరాన్‌లోని నటాంజ్‌లో యురేనియంను శుద్ధిచేసే సెంట్రిఫ్యూజులను లక్ష్యంగా పెట్టుకొని, సీమెన్స్ కంట్రోలర్లలో చేరడానికి రాసినదని నిర్ణయించారు.

సెంట్రిఫ్యూజు అతివేగంగా తిరిగే గొట్టం. దాని మోటారుకు సెకనుకు 1,064 ఆవృత్తుల విద్యుత్తును అందించేవారు. ఆ ప్రోగ్రాము చాలరోజులు ఊరకుండి, కొద్ది నిమిషాలపాటు ఆవృత్తిని 1,410కి పెంచి మళ్ళీ యథాస్థితికి తెచ్చేది. దాదాపు నాలుగు వారాల తరువాత 2 ఆవృత్తులకు దించి మళ్ళీ పెంచేది. అనగా ఎవరో కావాలని తయారుచేసిన వచ్చిపోయే దోషం ఇది. ఇంతకంటె వింత మరొకటి ఉన్నది. ఇంజనీరు తన గణనయంత్రంనుంచి కంట్రోలరులోని ప్రోగ్రామును చదివి చూస్తే, దొంగగా చేరిన భాగం కనిపించకుండా దాచిపెట్టేది. చూసేవారికి అన్నీ సరిగానే కనిపించేవి. 2009 చివర, 2010 ఆరంభంలో అక్కడ దాదాపు వెయ్యి సెంట్రిఫ్యూజులను తొలగించి ఉండవచ్చునని వాషింగ్టన్‌లోని ఒక పరిశోధన సంస్థ అంచనా వేసినది.

దోషం వెదకడంలో అర్ధశతాబ్దంగా ఏర్పడిన ఒక నమ్మకం ఇక్కడ సడలినది. అంతవరకు యంత్రం పొరపడవచ్చు గాని, అది చూపించే అద్దం అబద్ధమాడదని అనుకొనేవారు. తెర చెప్పిన వేగాన్ని, దానితో సంబంధం లేని మరొక కొలతతో సరిచూసుకోవాలన్న పాత ప్రయోగశాల నియమానికి ఈ సంఘటన తరువాత మళ్ళీ విలువ పెరిగినది. రిలేల కాలంలో ఎలక్ట్రీషియను తీగపై వోల్టుమీటరు పెట్టి చూసేవాడు. ఆ వోల్టుమీటరు ఏ ప్రోగ్రామునూ అడగకుండా తీగలో ఉన్నది ఉన్నట్లు చెప్పేది.

టెలిగ్రాఫు రిలేనుంచి నటాంజ్ వరకు నూటయాభై సంవత్సరాలకు పైగా గడిచినవి. సాధనాలు మారాయి, లోహపు మొనలు పోయి బొమ్మలు వచ్చాయి. వచ్చిపోయే దోషం మాత్రం ప్రతి కొత్త సాధనంలోనూ తనకొక మూల వెదుక్కొన్నది. దానిని పట్టుకొన్నవారందరూ చేసిన పనిలో తేడా లేదు. దోషం వచ్చిన వేళ రాసుకొన్నారు, అది వదలిన గుర్తును పట్టి ఉంచారు, ఒకసారి ఒక్కదానినే మార్చి చూశారు, చూసినదానిని మరొక దారిన సరిచూసుకొన్నారు. పాఠశాల ప్రయోగశాలలో విద్యుద్గంట ఒకసారి మోగి ఒకసారి మోగకపోతే, కొత్త గంట తెప్పించేముందు ఒక వారంరోజులు అది ఏయే వేళల మూగబోతున్నదో విద్యార్థుల చేత ఒక పుస్తకంలో రాయించి చూడవచ్చు. కారణం ఆ పుస్తకంలోనే బయటపడవచ్చు.